జర్మనీ పోతాన్నాం: కర్నూలు లైసెన్స్ ఆడ మార్చుకోవచ్చునా?

తుంగభద్ర ఒడ్డు | కర్నూలు | జనవరి 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మార్చి మొదటి వారంలో మేము జర్మనీ పోతాన్నాం, స్టుట్‌గార్ట్‌కు. మా ఆయనకు ఆడ ఉద్యోగం. పాపకు మూడేండ్లు. నాకు 2014 నుంచి లైసెన్స్ ఉంది, స్కూటరుకూ కారుకూ. బళ్ళారి చౌరస్తా ట్రాఫిక్‌లో రోజూ నడుపుతా, మంత్రాలయం పోయినా నంద్యాల పోయినా స్టీరింగ్ నాదే. నడపడానికి భయం లేదు, కాయితాలకే భయం.

మా మామగారు "ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకో, ఏడాదికోసారి మళ్ళీ తెప్పించుకుంటే చాలు" అంటాన్నారు. మా ఆయన స్నేహితుడేమో మన కార్డు ఇస్తే వాళ్ళ కార్డు చేతిలో పెడతారంటాడు. ఇంకొకాయన మొదటి నుంచి క్లాసులకు పోవాల, వేల యూరోలు అయితాయంటాడు. ముగ్గురివీ మూడు మాటలు. ఎవరిది నమ్మాల?

జతకు ఇంకోటి. లైసెన్స్ మీద నా ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంది. ఇది అడ్డమొస్తుందా?


బురుజు కాడ | స్టుట్‌గార్ట్ దగ్గర (ఊరు కర్నూలు) | జనవరి 12, తెల్లారి 1:15

అక్కా, మా ఊరికే వస్తాన్నారన్నమాట. నేను ఇదంతా పోయినేడు దాటొచ్చినా, కాబట్టి వివరంగా రాస్తా.

ముగ్గురి మాటల్లోనూ కొంచెం కొంచెం నిజముంది, పూర్తి నిజం ఎవరిదీ కాదు. మీరు ఈడ ఇల్లు తీసుకుని చిరునామా నమోదు చేసుకున్నాక మన లైసెన్స్ 6 నెలలు చెల్లుతుంది. దాని జతకు ఇంటర్నేషనల్ పర్మిట్ గానీ జర్మన్ అనువాదం గానీ ఉండాల. ఆ 6 నెలలు అయిపోయినంక పర్మిట్ కొత్తది తెచ్చినా, ఐదు తెచ్చినా ఒకటే, చెల్లదు. ఎందుకంటే పర్మిట్ అనేది విడిగా లైసెన్స్ కాదు. మన లైసెన్స్‌కు అది అనువాదం మాత్రమే. మూలం చెల్లనప్పుడు అనువాదం ఎట్ల చెల్లుతుంది?

కార్డు ఇచ్చి కార్డు తీసుకోవడం కొన్ని దేశాల వాళ్ళకుంది. జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్ ఆ జాబితాలో ఉండాయి. భారత్ లేదు. మన పెనుకొండ కియాలో పనిచేసే కొరియా ఇంజనీరు రేపు జర్మనీ వస్తే పరీక్ష లేకుండా మార్చుకుంటాడు. మనం థియరీ, ప్రాక్టికల్ రెండూ రాయాల. అయితే మనకున్న వెసులుబాటు ఏందంటే, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు తప్పనిసరి క్లాసులు, తప్పనిసరి డ్రైవింగ్ గంటలు ఉంటాయి. ఇండియా లైసెన్స్ ఉన్నవాళ్ళకు ఆ నిర్బంధం లేదు. డ్రైవింగ్ స్కూల్లో పేరు మాత్రం రాయించుకోవాల, పరీక్షకు కారు, మాస్టరు వాళ్ళదే కాబట్టి.

కావలసినవి: లైసెన్స్ అసలు కార్డు, దాని అనువాదం, కళ్ళ పరీక్ష కాయితం, ఫోటో, చిరునామా నమోదు పత్రం, ప్రథమ చికిత్స కోర్సు సర్టిఫికెట్. ఈ కోర్సు ఒక్క రోజుది, 45 నిమిషాల పాఠాలు తొమ్మిది. పెద్ద ఊర్లలో ఇంగ్లీషులో దొరుకుతుంది. దరఖాస్తు మంజూరయ్యేదానికే వారాలు పడుతుంది కాబట్టి వచ్చిన నెలలోనే పెట్టేయండి.

థియరీ తెలుగులోగానీ హిందీలోగానీ లేదు, ఇంగ్లీషులో ఉంది. 30 ప్రశ్నలు. తప్పుకు పాయింట్లు పడతాయి, 10 దాటితే ఫెయిల్. ప్రాక్టికల్ 55 నిమిషాలు. మీ పక్కన మాస్టరు, వెనక సీట్లో పరీక్ష చేసే ఆయన.


కొత్త టైరు | బెర్లిన్ | జనవరి 12, మధ్యాహ్నం 2:30

ఇంత భయపెట్టాల్సిన పని లేదు. నేను రెండేండ్లుగా ఇండియా లైసెన్స్, పర్మిట్ మీదే నడుపుతాన్నా. ఒక్కసారి కూడా ఎవరూ ఆపలేదు.


బురుజు కాడ | జనవరి 12, మధ్యాహ్నం 3:05

తమ్ముడూ, కోపం లేదు, బాధతో చెప్తాన్నా. ఎవరూ ఆపకపోవడం వేరు, చెల్లడం వేరు. 6 నెలలు దాటాక నడిపితే ఈడ అది ఉత్త జరిమానాతో పోయే తప్పు కాదు. లైసెన్స్ లేకుండా నడిపిన నేరం కింద వస్తుంది. వీసా పొడిగింపుకో పౌరసత్వానికో పోయినప్పుడు ఆ రికార్డు నీ ముందర ఉంటుంది. ఈ రోజే ఆపేయ్. గడువు దాటినా మార్పిడికి దరఖాస్తు పెట్టుకునే హక్కు పోదు, కార్డు వచ్చేవరకు బండి ముట్టకూడదు, అంతే.


ఎర్రనేల | రెడింగ్, యూకే (ఊరు అనంతపురం) | జనవరి 12, సాయంత్రం 6:50

కొత్త టైరు తమ్మునికి నేను కండ్లారా చూసింది చెప్తా. ఈడ యూకేలో మన లైసెన్స్‌కు నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు గడువు. నాతో ఒకే ఇంట్లో ఉన్న పిల్లోడు గుత్తి దగ్గర్నుంచి వచ్చినాడు. మంచి డ్రైవరు, ఎన్‌హెచ్ 44 మీద లారీల మధ్య నేర్చుకున్నాడు. పరీక్షకు తేదీ దొరకలేదని పద్నాలుగో నెలలో కూడా నడిపినాడు. వాన పడతాండాది, రౌండబౌట్ దగ్గర ముందు కారును తగిలినాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముందు కారు బంపరు, వెనక దీపం పోయినాయి, అంతే.

ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగిందే లైసెన్స్ తేదీ. అవతలి వాళ్ళకు కట్టేసి, ఆ సొమ్ము మొత్తం ఈ పిల్లోని దగ్గర వసూలు చేసుకున్నారు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టు లెక్కేసి కోర్టులో లైసెన్స్ మీద ఆరు తప్పు పాయింట్లు వేసినారు. ఆ రాత్రి వాళ్ళ నాయనకు ఫోన్ చేసి ఏం చెప్పాల్నో తెలీక వంటింట్లో నిలబడి ఏడ్చినాడు. నేను పక్కనే ఉన్నా. అందుకే ఎవరన్నా "ఎవరూ ఆపలేదు" అంటే నా గుండె జల్లుమంటుంది.

యూకే సంగతి వివరంగా అడిగేవాళ్ళకు: మార్పిడి లేదు. ప్రొవిజనల్, అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్స్, ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, థియరీ 23, ప్రాక్టికల్ మామూలు రోజుల్లో 62, సాయంత్రాలు, శని ఆదివారాలు 75. థియరీలో 50కి 43 రావాల. ఆ తర్వాత వీడియోలు 14 చూపిస్తారు, ప్రమాదం మొలకెత్తేటప్పుడే క్లిక్ చేయాల, 75కి 44 వస్తే పాస్. థియరీ పాసైనంక రెండేండ్లలో ప్రాక్టికల్ అయిపోవాల. ప్రాక్టికల్ తేదీలకు నెలలు పడుతుంది, కాబట్టి దిగిన వారంలోనే ప్రొవిజనల్‌కు పెట్టండి. ఎడమ పక్క నడపడం మనకు అలవాటే కదా అని నమ్ముకోవద్దు. నన్ను మొదటిసారి ఫెయిల్ చేసింది అద్దాలు. మనూర్లో అద్దం మడిచి పెట్టుకుని నడిపే అలవాటు.


పాత రికార్డు | అనంతపురం | జనవరి 13, ఉదయం 7:20

నేను రవాణా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఆ అమ్మాయి పేరు గురించి అడిగింది, ఎవరూ జవాబు చెప్పలేదు. నా అనుభవంలో బయటి దేశాలకు పోయినవాళ్ళు తిరిగి మాకు ఉత్తరాలు రాసింది ఎక్కువగా ఈ పేరు గొడవ మీదే.

మన వైపు ఇంటిపేరు పొడి అక్షరంగా రాయడం ఆనవాయితీ. స్కూలు సర్టిఫికెట్‌లో అట్లే, రేషన్ కార్డులో అట్లే, అందుకే లైసెన్స్‌లోనూ అట్లే పడుతుంది. పాస్‌పోర్ట్ ఒక్కటే ఇంటిపేరు విప్పి రాయమంటుంది. విదేశంలో కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి ఆ ఒక్క అక్షరం మీ ఇంటిపేరే అని తెలిసే దారి లేదు. రెండు పత్రాలు, రెండు పేర్లు, ఇద్దరు మనుషులు. అమ్మా, మీకు ఇంకా ఏడు వారాలుంది. సారథి పోర్టల్‌లో పేరు సవరణకు పెట్టండి, పాస్‌పోర్ట్ జత చేయండి. పెండ్లయినంక ఇంటిపేరు మారినవాళ్ళు మరీ జాగ్రత్త. పాస్‌పోర్ట్‌లో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అదే లైసెన్స్ మీద ఉండాలి.

అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. సవరణ అయ్యాక కొత్త కార్డు వస్తుంది. దాని మీద మొదట లైసెన్స్ ఇచ్చిన తేదీ, అంటే మీ 2014 తేదీ, ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. లేకపోతే అక్కడే సరిచేయించుకోండి.

పర్మిట్ సంగతి: ఫారం 4ఏ, ఫీజు రూ.1000, ఏడాది చెల్లుబాటు. పాస్‌పోర్ట్ కాపీ పెట్టాలి. పేరు సవరణ అయిన తర్వాతే పర్మిట్‌కు పెట్టండి, లేకుంటే దాని మీదా పాత పేరే పడుతుంది.


గడియార స్తంభం | బ్రాంప్టన్, కెనడా (ఊరు అనంతపురం) | జనవరి 13, ఉదయం 8:45

పెద్దాయన చెప్పిన ఆ మొదటి తేదీ మాట చదివి, పడుకోబోతాండేవాణ్ణి లేచి కూర్చున్నా. ఆ తేదీ లేక నేను పోగొట్టుకున్నది చెప్తా.

నేను 2009లో లైసెన్స్ తీసుకున్నా. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందర ఎయిట్ వేసిన రోజు ఇప్పటికీ గుర్తుంది, మా నాయన మారుతి 800లో. 2021లో కార్డు పోతే డూప్లికేట్ తీసుకున్నా. కొత్త కార్డు మీద 2021 తేదీ ఒక్కటే వేసిచ్చినారు. చూసి కూడా పట్టించుకోలేదు, నా పేరు, నా ఫోటో ఉండాది కదా అనుకున్నా. ఆ మరుసటేడే ఒంటారియో వచ్చినా.

ఈడ కొత్తగా వచ్చినవాళ్ళకు మన లైసెన్స్ 60 రోజులు. ఆ తర్వాత జీ1 అనే రాతపరీక్ష. గుర్తుల మీద 20 ప్రశ్నలు, రూల్స్ మీద 20, రెండింట్లోనూ విడివిడిగా 16 రావాల. అది పాసైనంక ఏ రోడ్డు టెస్టుకు పోవాలనేది మీ పాత అనుభవం మీద ఆధారపడుతుంది. 24 నెలలకు పైన అనుభవం ఉందని రుజువుంటే నేరుగా చివరిదైన జీ టెస్టుకే పోవచ్చు. కాయితం లేకుండా మన నోటి మాట మీద వాళ్ళు ఒప్పుకునేది 12 నెలల వరకే. దాంతో మధ్య మెట్టైన జీ2 టెస్టుకు పోవచ్చు, పూర్తి జీ రాదు. అంతకు మించి కావాలంటే లైసెన్స్ ఇచ్చిన ఆఫీసు నుంచో, మన కాన్సులేట్ నుంచో ధ్రువీకరణ పత్రం తేవాల.

నాకు పదమూడేండ్ల అనుభవం. కార్డు చెప్పేది పది నెలలు. కౌంటరులో ఆమె మర్యాదగానే చూసింది, కార్డు తిప్పి తిప్పి చూసి "దీని మీద ఉన్నదే నేను లెక్కపెట్టగలను" అనింది. ఇంటికి ఫోన్ చేస్తే మా తమ్ముడు పనిమానుకుని ఆఫీసు చుట్టూ తిరిగినాడు. 2009 నాటి నమోదు రిజిస్టరులో ఉంది, కంప్యూటర్లో లేదు. అది ఎక్కించి, ఎక్స్‌ట్రాక్ట్ (రికార్డులో ఉన్న లైసెన్స్ వివరాల నకలు) తీసి, సంతకం స్టాంపు వేయించి, నాకు చేరేసరికి నాలుగున్నర నెలలు. అప్పుడు జనవరి. మైనస్ 18లో బస్ స్టాపులో నిలబడి రాత్రి షిఫ్టుకు పోయినా. ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా కొత్త డ్రైవరు రేటే వేసినారు, ఎందుకంటే వాళ్ళకూ కార్డు మీద ఉన్న తేదీనే కావాల.

అందుకే అందరికీ చెప్పేది. విమానం ఎక్కేముందు లైసెన్స్ ఎక్స్‌ట్రాక్ట్ ఒకటి తీసుకోండి. అందులో మొదట ఎప్పుడు ఇచ్చినారు, ఏయే బండ్లకు ఇచ్చినారు, ఎప్పటివరకు చెల్లుతుంది, అన్నీ ఉండాల. సంతకం, స్టాంపు స్పష్టంగా పడాల. ఊర్లో ఉన్నప్పుడు ఒక్క పూట పని.


తుంగభద్ర ఒడ్డు | జనవరి 13, రాత్రి 10:10

అన్నా, చదివితే కడుపులో తిప్పినట్టైంది. రేపే పేరు సవరణకు పెడతా. పాత రికార్డు సార్, మీకు చేతులెత్తి దండం. ఈ మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు.


గువ్వలచెరువు | కువైట్ (ఊరు కడప) | జనవరి 14, రాత్రి 11:55

నాది చదువుకున్నోళ్ళ కథ కాదు, అయినా మా కడపోళ్ళు ఈడ చానామంది ఉండారు, వాళ్ళకన్నా పనికొస్తాదని రాస్తాండా.

నేను ఇంటి డ్రైవర్ పనికి వచ్చినోణ్ణి. కువైట్‌లో మామూలుగా బయటి దేశస్తునికి లైసెన్స్ కావాలంటే డిగ్రీ ఉండాల, జీతం 600 దినార్లు ఉండాల, రెండేండ్లు ఈడ ఉండుండాల. డ్రైవర్ వీసా మీద వచ్చినోళ్ళకు ఈ షరతులు లేవు. పరీక్ష మాత్రం అందరికీ ఉంది. అయితే ఆ లైసెన్స్ మన పనికి కట్టేసిన లైసెన్స్. పని మారితే లైసెన్స్ పోతాది. డ్రైవర్ వీసా నుంచి ఇంకో పనికి మారి, పాత కార్డు జేబులో ఉండాది కదా అని నడిపి ఇబ్బందిలో పడినోళ్ళను నేను చూసినా. పని మారేముందు ఆ సంగతి అడిగి తెలుసుకోండి అన్నా. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చింది. ఫోన్ పట్టుకుంటే 75 దినార్లు, ఎర్ర దీపం దాటితే 150. మా జీతం ఎంతో మీకు తెల్సు, ఒక్క ఎర్ర దీపం నెల జీతాన్ని మింగుతాది.

ఇంగ నా లైసెన్స్ సంగతి. 1998లో తీసుకున్నా, పుస్తకం లైసెన్స్. ఊదా సిరాతో చేత్తో రాసింది. ఫోటో అంటించి దాని మీద స్టాంపు సగం, పుస్తకం మీద సగం. మా యమ్మ దాన్ని బియ్యం డ్రమ్ములో గుడ్డలో చుట్టి పెట్టింది, చెదలు పట్టకుండా. ఆ పుస్తకం చూపించేదానికి పోతే "ఇది కంప్యూటర్లో లేదు, మీకు లైసెన్స్ లేనట్టే" అన్నారు. నా చేతుల మీద గువ్వలచెరువు ఘాటులో లారీలు ఎక్కినాయి, దిగినాయి. లైసెన్స్ లేనట్టే అంటే నోరు పెగల్లేదు. ఇట్లాంటి పుస్తకాలు ఉన్నోళ్ళు ఏం చేయాల సార్?


పాత రికార్డు | జనవరి 15, ఉదయం 6:50

అయ్యా, మీ పుస్తకం చెల్లని కాగితం కాదు. కంప్యూటరుకు ముందు ఇచ్చినవి రిజిస్టర్లలోనే ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడాన్ని బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. లైసెన్స్ ఇచ్చిన ఆఫీసుకే పోవాలి, పుస్తకం అసలు ప్రతి, ఆధార్ తీసుకుని పోయి రాతపూర్వకంగా అడగాలి. వాళ్ళు రిజిస్టరు వెతికి సరిచూసి ఎక్కిస్తారు. సెలవుకు వచ్చినప్పుడు చివరి వారంలో కాకుండా మొదటి వారంలోనే పోండి, పాత రిజిస్టరు వెతకడానికి రోజులు పడుతుంది.

రెన్యువల్ రూల్ కూడా చాలామందికి తెలియదు. 2019 సెప్టెంబరు నుంచి గడువు ముగిసిన తర్వాత ఏడాది లోపల రెన్యువల్ చేయించుకోకపోతే మళ్ళీ డ్రైవింగ్ టెస్టు. విదేశంలో ఉండి రెండు మూడేళ్ళు ఊరికి రానివాళ్ళు దీనికి చిక్కుకుంటారు. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేసుకోవచ్చు కాబట్టి, సెలవుకు వచ్చిన ప్రతిసారీ కార్డు మీద తేదీ చూడండి.


గువ్వలచెరువు | జనవరి 15, మధ్యాహ్నం 1:20

సంతోషం సార్. జూన్‌లో సెలవు. మా యమ్మకు ఫోన్ చేసి పుస్తకం తీసి ఎండలో పెట్టమని చెప్పినా.


ఉగ్గాని బజ్జి | ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్ (ఊరు ఆదోని) | జనవరి 16

నెదర్లాండ్స్ వచ్చేవాళ్ళకు ఒక మంచి మాట. నైపుణ్యం ఉన్న ఉద్యోగులకు ఇచ్చే 30 శాతం రూలింగ్ అనే పన్ను వెసులుబాటు మీకు ఉంటే, మన ఇండియా లైసెన్స్‌ను పరీక్ష లేకుండానే డచ్ లైసెన్స్‌గా మార్చుకోవచ్చు. అదే చిరునామాలో ఉండే భార్యకో భర్తకో కూడా. నేను మార్చుకున్నా, మా ఇంటామె మార్చుకుంది. రూలింగ్ లేనివాళ్ళకు 185 రోజుల తర్వాత మన కార్డు చెల్లదు, పరీక్షలే. లైసెన్స్ ఇచ్చిన ఏడాదిలో కనీసం 185 రోజులు ఇండియాలో ఉన్నట్టు ఉండాలనే షరతు ఉంది. సెలవులకు ఇంటికి పోయి తీసుకున్న లైసెన్సులు ఈడ ఆగిపోయేది దీనివల్లే.


బురుజు కాడ | జనవరి 16

జర్మనీలో కూడా అట్లాంటిదే. ఈడ కాపురం పెట్టినంక సెలవుకు ఊరుపోయి తీసుకున్న లైసెన్స్ చెల్లదు. ఎల్‌ఎల్‌ఆర్ అసలు లెక్కలోకే రాదు. కాబట్టి పెండ్లయి రాబోతాండే అమ్మాయిలు వీసా కోసం కాచుకునే ఆ నెలల్లోనే కారు నేర్చుకుని లైసెన్స్ తీసుకోండి. ఈడ మొదటి నుంచి నేర్చుకోవడానికి అయ్యే డబ్బుతో ఊర్లో ఏడాది ఇంటి బాడిగ కట్టొచ్చు. మా చెల్లెలికి నేను ఇదే చెప్పినా, వినింది.


వేరుశనగ చేను | నగోయా, జపాన్ (ఊరు తాడిపత్రి) | జనవరి 17

జపాన్ గురించి అడిగినవాళ్ళెవరూ లేరు గానీ రాసిపెడతా, ఎవరన్నా వెతుక్కుంటే దొరుకుతుంది. ఈడ మార్పిడి పద్ధతి ఉంది, మనకు రాతపరీక్ష, బండి నడిపే పరీక్ష రెండూ ఉండాయి. ఇంతకుముందు రాతపరీక్షలో 10 ప్రశ్నలే ఉండేవి, ఏడు వస్తే సరిపోయేది. 2025 అక్టోబరు నుంచి 50 ప్రశ్నలు చేసినారు, 90 శాతం రావాల. ఇంకో షరతు, లైసెన్స్ తీసుకున్నంక కనీసం మూడు నెలలు ఇండియాలోనే ఉన్నట్టు రుజువు చేయాల. పాస్‌పోర్ట్ ముద్రలతో లెక్కపెడతారు. లైసెన్స్ వచ్చిన మరుసటి నెల విమానం ఎక్కినవాళ్ళకు ఇది కుదరదు. పాత పాస్‌పోర్ట్ పారేయకండి, ఆ ముద్రలు అందులోనే ఉంటాయి.

సింగపూర్‌లో ఉన్న మా బావమరిదికి చానా సులభంగా అయ్యింది. ఒక్క బేసిక్ థియరీ, 50కి 45. ప్రాక్టికల్ లేదు.


మైదుకూరు సంత | డల్లాస్ నుంచి కడపకు తిరుగు ప్రయాణం | జనవరి 19

నాది ఎదురు ప్రశ్న. పదకొండేండ్లు టెక్సాస్‌లో ఉండి అమ్మానాన్నల కోసం కడపకు వచ్చేస్తాన్నా. ఇండియా లైసెన్స్ గడువు ఎప్పుడో తీరిపోయింది. టెక్సాస్ లైసెన్స్ చేతిలో ఉంది. మళ్ళీ ఎల్‌ఎల్‌ఆర్ నుంచి మొదలుపెట్టాల్నా?

టెక్సాస్ వచ్చేవాళ్ళకు ఒక మాట కూడా: ఈడ కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకు 90 రోజులు. ఇండియాతో మార్పిడి ఒప్పందం లేదు, రాత, రోడ్డు రెండు పరీక్షలూ రాయాల. ప్రతి రాష్ట్రానికీ వేరే రూలు. కాలిఫోర్నియాలో నివాసి అయితే 10 రోజుల్లోనే వాళ్ళ లైసెన్స్‌కు పోవాలంటారు. అందువల్ల పక్క రాష్ట్రంలో ఉన్న స్నేహితుని మాట మీ రాష్ట్రానికి పనికిరాదు.


పాత రికార్డు | జనవరి 19, సాయంత్రం 5:30

మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 9 చూడండి. వేరే దేశపు అధికారి ఇచ్చిన, ఆ తరగతి బండికి చెల్లే లైసెన్స్ చూపించినవారికి డ్రైవింగ్ టెస్టు నుంచి మినహాయింపు ఉంది, ఆరోగ్యానికి సంబంధించిన షరతులకు లోబడి. మీ టెక్సాస్ కార్డు గడువులో ఉండగానే వచ్చి దరఖాస్తు పెట్టండి. దరఖాస్తులో ఆ సెక్షన్ రాయండి, కౌంటరు దగ్గర గుర్తుచేయండి. ఒకటి మాత్రం ప్రేమతో చెప్తున్నా. టెస్టు లేకపోయినా వారం రోజులు తెల్లారుజామున ఏడు రోడ్ల కూడలిలో నడిపి చూడండి. పదకొండేళ్ళు కుడి పక్క నడిపిన చెయ్యి, మలుపు తిరిగేటప్పుడు తనంతట తాను కుడికే పోతుంది.


తుంగభద్ర ఒడ్డు | కర్నూలు | ఫిబ్రవరి 20

పేరు సవరణ అయిపోయింది, పర్మిట్ కూడా వచ్చింది. పాత రికార్డు సార్ చెప్పినట్టు కొత్త కార్డు చేతికి రాగానే వెనక్కి ముందుకీ తిప్పి చూసినా. పేరు సరిగ్గా ఉంది. స్కూటరు తరగతి ఒక్కటే పడింది, కారు తరగతి పడలేదు! ఆ రోజే దరఖాస్తు రాసిచ్చినా, తొమ్మిది రోజులకు సరిచేసి ఇచ్చినారు. చూసుకోకుండా స్టుట్‌గార్ట్ పోయుంటే? ఎక్స్‌ట్రాక్ట్ కూడా తీసుకున్నా, రెండు ప్రతులు. ఒకటి మా అమ్మ దగ్గర పెట్టినా.


తుంగభద్ర ఒడ్డు | స్టుట్‌గార్ట్ | జూన్ 2

ఈ థ్రెడ్‌కు బాకీ ఉన్నా, రాయకపోతే నిద్ర పట్టదు.

దరఖాస్తు మార్చిలోనే పెట్టినా. మంజూరయ్యేసరికి ఏడు వారాలు. థియరీ మొదటిసారి పోయింది. నా తప్పు పాయింట్లు 10, దాటలేదు, అయినా ఫెయిల్. ఐదేసి పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పయితే 10తోనే ఫెయిల్ అంట. ఆ రూలు నాకు తెలీదు, మీరు తెలుసుకోండి. రెండు తప్పులూ ఒకే విషయం మీద: ఎవరు ముందు పోవాల. ఈడ బోర్డు లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాళ్ళదే ముందు. సందులోంచి సైకిలు మీద పిల్లోడు వచ్చినా, కుడి పక్క నుంచి వస్తే మనం ఆగాల. మనూర్లో పెద్ద బండిదే ముందు కదా, ఆ లెక్క మనసులోంచి తీయడానికి నెల పట్టింది. రెండోసారి పాసైనా.

బురుజు కాడ తమ్ముడు ఒక ఆదివారం పిలుచుకపోయి వాళ్ళ వీధుల్లో నడుస్తూ ఒక్కొక్క కూడలి చూపించి "ఇప్పుడు ఎవరు పోవాల చెప్పు అక్కా" అని అడిగినాడు, పాపను ఎత్తుకుని. ఆ మేలు మర్చిపోను.


బురుజు కాడ | జూన్ 2

అక్కా, అదేం పెద్ద పని కాదు. ప్రాక్టికల్‌కు ముందు మాస్టరుతో ఐదారు గంటలన్నా తీసుకోండి. నిర్బంధం లేదు కదా అని నేరుగా పోయినవాళ్ళు పోగొట్టుకున్నారు. గేర్ల కారులోనే ఇవ్వండి, ఆటోమేటిక్‌లో ఇస్తే కార్డు మీద 78 అని కోడ్ పడే అవకాశం ఉంది, అప్పుడు గేర్ల కారు నడపకూడదు. కుడికి తిరిగేటప్పుడు ప్రతిసారీ తల తిప్పి భుజం మీదుగా చూడండి. అద్దంలో చూస్తే చాలదు, వెనక కూర్చున్నాయనకు మీ తల తిరగడం కనపడాల. ఆ గుడ్డి మూలలోనే సైకిలు ఉంటుంది.


తుంగభద్ర ఒడ్డు | స్టుట్‌గార్ట్ | ఆగస్టు 14

పాసైనా! ఎనిమిది గంటలు మాస్టరుతో నడిపినా. నా మెడ ఇప్పుడు నిద్రలో కూడా తిరుగుతాంది. పరీక్షలో ఒకచోట కుడికి తిరగబోతూ తల తిప్పితే నిజంగానే ఒక ముసలామె సైకిలు మీద నా పక్కకు వచ్చేసింది. ఆగినా. వెనక నుంచి ఆయన ఏదో రాసుకునే చప్పుడు వినపడింది, గుండె ఆగినంత పనైంది. చివర్లో మాస్టరు చెప్పినాడు, ఆయన రాసుకున్నది మంచిమాటే అని.

కొత్త కార్డు ఇచ్చేటప్పుడు నా కర్నూలు కార్డు తీసుకున్నారు. తిరిగి ఇవ్వరు. పన్నెండేండ్లు పర్సులో ఉన్న నంబరు అది. కౌంటరులో ఇచ్చేముందు రెండు నిమిషాలు అడిగి రెండు పక్కలా ఫోటో తీసుకున్నా.


గడియార స్తంభం | బ్రాంప్టన్ | ఆగస్టు 14

శుభాకాంక్షలు చెల్లెమ్మా. ఆ ఫోటోలో మొదట ఇచ్చిన తేదీ కనపడతాందా?


తుంగభద్ర ఒడ్డు | ఆగస్టు 14

కనపడతాంది అన్నా. జూన్ 2014. అమ్మ దగ్గర ఉన్న ఎక్స్‌ట్రాక్ట్‌లో కూడా అదే ఉంది, ఫోన్ చేసి చదివించుకున్నా.


గువ్వలచెరువు | కడప, సెలవు మీద | ఆగస్టు 15

నా పుస్తకం కూడా కంప్యూటర్లోకి ఎక్కింది అమ్మా. 1998 అనే పడింది. రేపు రాత్రి విమానం.